తొలకరిని అప్పగించిన సాయంకాలం

తామ్రపురి యువరాజు మణికేతుడు సాటి మనిషితో మనసు విప్పి మాట్లాడి ఆ ఉదయానికి సరిగ్గా నలభై రోజులు.

ఆ ఉదయమైనా మాట్లాడే తీరిక అతడికి లేదు. వేదండగిరి కనుమలో గుర్రం మీద దూసుకుపోతున్నాడు. వెనక పన్నెండుమంది రౌతులు తరుముకొస్తున్నారు. కనుమకు ఇరువైపులా ఎర్రరాతి గోడలు ఆకాశాన్ని అంటుతూ నిలిచాయి. గోడల పగుళ్ళలో మోదుగుచెట్లు విరగబూసి కొండకు నిప్పంటుకున్నట్టు మెరుస్తున్నాయి. ఎక్కడో పైన పుట్టిన సన్నని జలధారలు నేలను చేరకముందే తుంపరలై, ఎండలో ఏడు రంగులూ పరిచి మాయమవుతున్నాయి. తీరిక ఉన్నవాడు రోజంతా కూర్చుని చూడవలసిన చోటు అది. మణికేతుడు మాత్రం గుర్రం మెడ మీదికి వంగి దాని చెవులనే చూస్తున్నాడు.

"హై, తొలకరీ! ఇంకొక్క మలుపు!"

తొలకరి ఆ గుర్రం పేరు. కారుమబ్బు రంగు ఆడగుర్రం. ఎడమచెవి మీద మల్లెమొగ్గంత తెల్లమచ్చ. ఏరువాకనాడు తొలివాన కురుస్తుండగా పుట్టిందని, పన్నెండేళ్ళ పిల్లవాడిగా ఉన్నప్పుడు మణికేతుడే దానికి ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు దానికీ పన్నెండేళ్ళు.

మలుపు తిరిగేసరికి ఎదురుగా వంతెన లేదు. కాలిన దుంగలు రెండు లోయ అంచున పొగలు కక్కుతున్నాయి. అవతలి గట్టు ఇరవై మూరల దూరం. కింద నది ఎక్కడుందో శబ్దాన్ని బట్టి తెలియవలసిందే గాని కంటికి ఆనదు.

మణికేతుడు కళ్ళెం లాగలేదు, పూర్తిగా వదిలేశాడు. తొలకరి నాలుగు అంగల్లో వేగం రెట్టింపు చేసి, అంచు మీద వెనకకాళ్ళు మోపి గాలిలోకి లేచింది. ఒక్క క్షణం గాలి తప్ప లోకంలో మరేమీ లేదు. ముందుకాళ్ళు గట్టు మీద పడ్డాయి. వెనకకాళ్ళ కింద రాయి పెళ్ళుమని విరిగింది. మణికేతుడు జీను వదిలి మెడ మీదుగా ముందుకు దొర్లాడు. బరువు తగ్గిన గుర్రం మోకాళ్ళు గీరుకుంటూ పైకి పాకింది. విరిగిన రాయి కిందికి పోతూ పోతూ చాలాసేపటికి నీళ్ళలో పడ్డ చప్పుడైంది.

ఆవలి ఒడ్డున రౌతులు గుర్రాలను నిలవరించలేక ఒకరిమీదొకరు పడ్డారు. వాళ్ళ నాయకుడు భేరుండుడు ఈటె ఎత్తి అరిచాడు.

"తెల్లచెవి నల్లగుర్రం! చుట్టూ తిరిగి పొండి! ఆ గుర్రం మీదివాణ్ణి వదలొద్దు!"

మణికేతుణ్ణి వదలొద్దని వాడు అనలేదు. అనడానికి, ఎదురుగా ఉన్నది మణికేతుడని వాడికి తెలియదు. ఆ మాటకొస్తే లోకంలో ఎవరికీ తెలియదు.

నలభై రోజుల కిందట ఉలూకాక్షుడనే మాంత్రికుడు సేనలతో వచ్చి తామ్రపురిని పట్టుకున్నాడు. ముసలి రాజును చెరలో వేశాడు. ఆఖరి యుద్ధం జరిగిననాడు పొద్దుగుంకే వేళ, మెడలో వేలాడే మసిస్ఫటికాన్ని పైకెత్తి మణికేతుణ్ణి శపించాడు.

"ఈ వేళ నీ చెయ్యి ఎవరి మీద ఉందో వాళ్ళకే నువ్వు గుర్తుంటావు. మిగిలిన లోకానికి నువ్వు ముక్కూమొహం తెలియని పరాయివాడివి! ఏ సాయంకాలం నీ చెయ్యి తప్పినా వాళ్ళూ నిన్ను మరుస్తారు. ఒకసారి మరిచినవాళ్ళకు మళ్ళీ గుర్తురావు. నువ్వెవరో చెప్పబోతే నీ నాలుక కట్టుబడుగాక!"

అప్పుడు మణికేతుడి చెయ్యి తొలకరి మెడ మీద ఉంది. రెండడుగుల దూరంలో నిలబడ్డ ప్రాణమిత్రుడు చటుక్కున కత్తి దూసి, "ఎవడ్రా నువ్వు? మా యువరాజు గుర్రం దగ్గర నీకేం పని?" అన్నాడు. శపించిన ఉలూకాక్షుడికి కూడా ఆ శాపంలో మినహాయింపు లేదు. తన శత్రువు ముఖం తానే మరిచాడు. అందుకే గుర్రం ఆనవాలు చెప్పి రౌతులను తోలాడు.

ఆనాటినుంచి ప్రతి సాయంకాలం మణికేతుడు ఎక్కడున్నా ఆగి, సూర్యబింబం పూర్తిగా కుంగేదాకా తొలకరి మెడ మీద చెయ్యి వేసి కూర్చునేవాడు. ఊళ్ళలో జనం అతడికి అన్నం పెట్టారు, దారి చూపారు, ఎవరివయ్యా అని అడిగారు. చెప్పబోతే నోరు కొయ్యబారేది. మూగవాడనుకుని జాలిపడి వెళ్ళిపోయేవారు.

శాపం పోవాలంటే ఆ స్ఫటికం పగలాలి. ఉలూకాక్షుడి శిబిరం చుట్టూ పగలూ రాత్రీ మండే అగ్నికందకం ఉంది. దాన్ని ఒక్క దూకులో దాటగల గుర్రం తొలకరి ఒక్కటే. ఆ శిబిరం ఇప్పుడు సింహతలం కోటను ముట్టడించి ఉంది. కోటను ఏలుతున్నది మణికేతుడి అక్క కువలయదేవి. తల్లి పోయాక అతణ్ణి ఎత్తుకు పెంచింది ఆవిడే.

కందకం దూకేముందు గుర్రానికి పిడికెడు గింజలు పెట్టుకోవాలి, అక్కను ఒక్కసారి కళ్ళారా చూడాలి. అతడు అనుకున్నది అంతే.

*

కోటకు మూడువైపులా శత్రువులున్నారు. నాలుగోవైపు ఉప్పుమైదానం. కొండపక్క ఎండిపోయిన జలపాతం వెనక ఒక సొరంగముంది. మణికేతుడు గుర్రాన్ని నడిపించుకుంటూ ఆ దారిన కోటలోకి వచ్చాడు. సొరంగం కొసన తల బయటపెట్టగానే నాలుగు ఈటెలు గొంతుకు ఆనాయి.

"ఈ దారి రాజకుటుంబానికి తప్ప తెలియదు. నీకెవరు చెప్పార్రా?" అన్నాడు కావలివాడు.

ఇంతలో వెనకనుంచి ఒక ముసలాయన ఈటెలను తోసుకుంటూ వచ్చాడు. ఆయన బసివయ్య, అశ్వశాల పెద్ద. మణికేతుణ్ణి మొదట గుర్రమెక్కించిన మనిషి. ఆయన కళ్ళు మణికేతుడి ముఖం మీదినుంచి, దారిలో రాయిని దాటినట్టు దాటిపోయి తొలకరి మీద ఆగాయి.

"ఓయమ్మ! తొలకరి! నా బంగారుతల్లీ, వచ్చావంటే!" తొలకరి ఆయన భుజం మీద తల పెట్టి గట్టిగా ఊపిరి వదిలింది. ముసలాయన దాని మెడ పట్టుకుని భోరుమన్నాడు. తరువాత తిరిగి మణికేతుడి చొక్కా పట్టుకున్నాడు. "మా చినబాబేడీ? గుర్రం ఈడుంటే బాబేడీ? చెప్పు! ఏం చేశావు మా బాబుని?"

"ఏమీ చెయ్యలేదు, బసివయ్యా."

"నా పేరు కూడా నేర్చుకునొచ్చావూ!" అని ముసలాయన అతడి చేతులు వెనక్కి విరిచి కట్టించాడు.

కువలయదేవి తానే దిగి వచ్చింది. కవచం మీద దుమ్ము, ఒంటి మీద ఒక్క నగ లేదు. ఎండకు నల్లబడిన ముఖంలో కళ్ళు మాత్రం అవే. జ్వరం వచ్చినప్పుడు తెల్లవార్లూ తలాపున మేలుకున్న కళ్ళు. ఆవిడ అతణ్ణి దాటి గుర్రం దగ్గరకు వెళ్ళింది. తెల్లచెవిని వేళ్ళతో నిమిరి, దాని నుదుటికి తన నుదురు ఆన్చి కాసేపు నిలబడింది. అప్పుడు తిరిగింది.

"ఎక్కడ దొరికింది నీకిది?"

"దొరకలేదు. మొదటినుంచీ నాతోనే ఉంది."

"నా తమ్ముడు ప్రాణముండగా దీన్ని ఎవరికీ ఇవ్వడు. వాడు పోయాడని విని మొన్ననే తిలోదకాలు వదిలాను. ఎలా పోయాడో అది చెప్పు. చంపింది నువ్వే అయినా సరే, నిజం చెబితే వింటాను."

"పోలేదు, అక్కా! బతికే ఉన్నాడు."

కువలయదేవి ముఖం బిగుసుకుపోయింది. "నన్ను అక్కా అని పిలిచేవాడు లోకంలో ఒక్కడే. నువ్వు పిలవకు. బతికుంటే ఎక్కడున్నాడు?"

మణికేతుడు నోరు తెరిచాడు. నాలుక అంగిటికి అతుక్కుపోయింది. మెడనరాలు పొంగాయి, ఒళ్ళంతా చెమట పట్టింది. ఒక్క అక్షరం రాలేదు. ఆవిడ చాలాసేపు చూసింది. ఆ కళ్ళలో కోపం పోయి అలసట మిగిలింది.

"కట్లు విప్పండి. దొంగ అయితే ఈ గుర్రం వాడి పక్కన ఇలా నిలబడదు. బసివయ్యా, దీని మీద నా జీను వెయ్యి."

జీను వేశారు. ఆవిడ రికాబులో కాలు పెట్టగానే తొలకరి నిటారుగా లేచింది. కళ్ళెం పట్టుకున్న ఇద్దరు భటులు చెరోపక్కా పడ్డారు. తోలుపట్టీ తెగింది. గుర్రం గుంపును చీల్చుకుంటూ వచ్చి మణికేతుడి వెనక నిలబడి, అతడి వీపుకు ముట్టె రాసింది.

కువలయదేవి దుమ్ము దులుపుకుని లేచింది. అప్పుడు ఆవిడ ఆ పరాయివాడితో ఉన్నమాట చెప్పింది. ఉలూకాక్షుడు కోటలోకి వచ్చే ఏటిని మళ్ళించాడు. బావుల్లో మిగిలిన నీళ్ళు రెండు రోజులకు చాలవు. మేనమామ వజ్రబాహుడు పదివేలమందితో ఉప్పుమైదానానికి అవతల దిగి ఉన్నాడు. కోట పడిపోయిందని ఎవరో అబద్ధపు కబురు చేరవేశారు. రేపు సూర్యోదయానికి సేనను వెనక్కి తిప్పుతాడు.

"ఉప్పుమైదానంలో మొదటి రెండు క్రోసులు ఉత్త పెంకు. కింద ఊబి. నాలుగు గుర్రాలను పంపాను, నాలుగూ దిగబడ్డాయి. అందులో గట్టి నేల ఎక్కడుందో ఈ తొలకరికి తెలుసు. నా తమ్ముడు పద్దెనిమిదో ఏట పందెం కట్టి దీన్ని అవతలికి తోలాడు. పగటి ఎండకు పెంకు గట్టిపడుతుంది. సాయంకాలం లోగా ఆ రెండు క్రోసులూ దాటితే తరువాతిదంతా రాతినేల. మంచు దిగిందా, మళ్ళీ మెత్తబడిపోతుంది."

"నేను వెళ్తాను. ఏం చెప్పాలో చెప్పి పంపండి."

"మా మామ నీ మాట వింటాడా? నా ముద్రిక నీ చేతిలో చూస్తే నన్ను చంపి తెచ్చావంటాడు. నేనే కనబడాలి."

"అయితే ఇద్దరం..."

"ఇద్దరి బరువుకి పెంకు ఆగదు." ఆవిడ గొంతు తగ్గింది. "లాక్కుంటే అది నడవదు, చూశావుగా. నీ నోటితో నువ్వు పంపితే నడుస్తుందేమో. మధ్యాహ్నం దాటేలోగా ఏ సంగతీ చెప్పు. కుదరదంటే వచ్చిన దారినే వెళ్ళిపో. నిన్నెవరూ ఆపరు."

*

అశ్వశాలలో గోడకు చిన్న జీను ఒకటి వేలాడుతోంది. పదేళ్ళ పిల్లవాడికి సరిపోయే జీను. దానికి బంతిపూల దండ వేశారు. పూలు వాడిపోయాయి. మణికేతుడు దాని కిందనే కూర్చుని తొలకరి మోకాళ్ళ గాయాలకు పసుపు అద్దుతున్నాడు.

బసివయ్య గడ్డిమోపు దించి ఎదురుగా చతికిలబడ్డాడు. కోపం చల్లారినట్టుంది.

"మా చినబాబు జీనయ్యా అది. నేనే కుట్టినాను. మొదటినాడు మూడుసార్లు కిందపడి మూడుసార్లూ నవ్వినాడు."

"ఏడ్చాడేమో."

"ఏడ్చినాడులే. నీకెట్లా తెలుసు?" ముసలాయన బోసినోటితో నవ్వి మళ్ళీ దిగులుపడ్డాడు. "మూడేళ్ళయింది బాబు ఈ గడప తొక్కక. ఏరువాకకు వస్తానని ఏటా కబురు పంపేవాడు. అమ్మగారు ఉత్తరపు బురుజెక్కి నిలబడేది. దుమ్ము లేస్తే చాలు, 'బసివయ్యా, మనవాడేనేమో చూడు' అనేది. మందలో, బళ్ళో అయ్యుండేవి. వేటలనీ, స్నేహితులనీ వయసు పిల్లోడికి సవాలక్ష పనులుంటాయి కదా. అమ్మగారు ఒక్కనాడూ తప్పుపట్టలేదు."

మణికేతుడు పసుపుగిన్నె కింద పెట్టాడు. మూడు ఏరువాకలూ ఎక్కడెక్కడ గడిపాడో అతడికి జ్ఞాపకమే. ఒక్కటీ చెప్పుకోదగ్గ కారణం కాదు.

అక్క అడిగినదానికి ఏమని జవాబివ్వాలి? తొలకరిని ఇస్తే కందకం దూకే ఆశ పోతుంది. అది పోయినా మరో ఉపాయం వెతుక్కోవచ్చు. కాని ఈ సాయంకాలం సూర్యుడు కుంగే వేళకు తొలకరి ఉప్పుమైదానంలో ఉంటుంది, అతడి చెయ్యి ఇక్కడ ఉంటుంది. ఆ తరువాత మణికేతుడని ఎరిగిన ప్రాణి ఈ భూమి మీద ఒక్కటీ మిగలదు. ఇవ్వకపోతే? రేపు స్ఫటికం పగలగొట్టి వచ్చినా కోటలో ఎవరు మిగిలి ఉంటారు? అసలు పగలగొట్టగలడో లేదో. అతడు తొలకరి కళ్ళలోకి చూశాడు. అది అతడి జేబు దగ్గర ముట్టె పెట్టి, ఎప్పటిలా బెల్లంముక్క కోసం వెతుకుతోంది. జేబు ఖాళీ.

ఆ సమయానికి వాకిట్లో అలికిడైంది. వంటశాలలో పనిచేసే సిరాలమ్మ చెంబు పట్టుకుని వచ్చింది. ఎనభయ్యేళ్ళుంటాయి. పెదవులు పగిలి నెత్తురు చారలు కట్టాయి.

"చినబాబు గుర్రం వచ్చిందన్నారు. దాహంగా ఉంటదని తెచ్చినా," అంది.

"నీ వంతు నీళ్ళా అవ్వా?" అన్నాడు బసివయ్య. "పొద్దుటినుంచీ దాచుకున్నావా?"

"ఉండనీలేరా. బాబు ఉంటే దీన్ని దాహంతో ఉండనిస్తాడా?"

ఆవిడ చెంబును మట్టిమూకుడులో వంచింది. తొలకరి గటగటా తాగేసింది. ముసలామె నవ్వి దాని మెడ తట్టి, తిరిగి వెళుతూ, ఎవరూ చూడడంలేదనుకుని చెంబు అంచుకంటిన తడిని వేలితో తుడిచి నాలుకకు రాసుకుంది.

మణికేతుడు లేచి నిలబడ్డాడు.

"బసివయ్యా, జీను కట్టు. తెగిన పట్టీ మార్చు. అమ్మగారికి కబురు పంపు."

ముసలాయన అతడి ముఖంలోకి పరకాయించి చూశాడు. ఏదో వెతికినట్టు చూశాడు. దొరకలేదు. "మంచోడివయ్యా, ఎవరి బిడ్డవో గాని," అంటూ పట్టీ కోసం లోపలికి వెళ్ళాడు.

*

ఉప్పుమైదానం అంచుకు చేరేసరికి ఎండ వాలింది. కంటికి కనబడినంతమేరా తెల్లని నేల. ఒక గడ్డిపోచ లేదు, ఒక పక్షి లేదు. ఎండకు పగిలిన పెంకు చేపపొలుసుల్లా తళతళలాడుతోంది. దూరాన ఆకాశమూ ఉప్పూ కలిసేచోట గీత కూడా తెలియడంలేదు.

మణికేతుడు తన ఉత్తరీయం తీసి అక్క భుజాల మీద కప్పాడు. "దీని వాసనకు అది కొంత నెమ్మదిస్తుంది. కళ్ళెం లాగకండి, దారి దానికే వదిలేయండి. దాహమేస్తే ఎడమచెవి వాలుస్తుంది. అప్పుడు దిగి తడిగుడ్డతో ముట్టె తుడవండి. బెదిరితే మెడ కింద గోకండి, పైన కాదు. ఎక్కడైనా ఆగిపోతే నాలుకతో మూడుసార్లు చప్పుడు చేయండి."

"నా తమ్ముడు చెప్పాడా ఇవన్నీ?"

"అతడికి తెలిసినవే."

"ఇంత ప్రాణంగా చూసుకుంటున్నావు. ఎందుకు ఇస్తున్నావు మరి?"

"కోటలో నీళ్ళు లేవు కదా," అన్నాడు మణికేతుడు.

ఆవిడ జీను మీద సర్దుకుంది. "తిరిగొచ్చాక నీ గుర్రం నీకు అప్పగిస్తాను. నీ పేరేమిటి?"

అతడు తల వంచుకున్నాడు. ఆవిడ, "పోనీలే. అప్పుడే చెబుదువుగాని," అంది.

తొలకరి ఉప్పు మీద పది అడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి అతడి దగ్గరకు వచ్చేసింది. మళ్ళీ పంపాడు, మళ్ళీ వచ్చింది. మూడోసారి మణికేతుడు తానే ముందు నడిచాడు. పెంకు కాళ్ళ కింద కటకటలాడుతోంది. వెనక తొలకరి అడుగులో అడుగు వేసుకుంటూ వస్తోంది. రెండువందల అంగలు అలా పోయాక ఫెళ్ళున పగిలి అతడి కుడికాలు మోకాటిదాకా దిగబడింది. అక్కడ తొలకరి ఆగి నేల వాసన చూసి, ఎడమకు జరిగి గట్టిచోటు పట్టుకుంది. ఇక దానికి అతడు అక్కర్లేదు. దారి దొరికింది.

ఊబిలోంచి కాలు లాక్కుంటూనే మణికేతుడు దాని మెడ మీద చెయ్యి వేశాడు. వెచ్చగా ఉంది. కింద నరం కొట్టుకుంటోంది. అతడు చెయ్యి తీసేసి, నాలుకతో మూడుసార్లు చప్పుడు చేశాడు.

తొలకరి కదలలేదు. ఒక కన్ను అతడి వైపే ఉంది.

"పో, తల్లీ," అన్నాడు. మళ్ళీ మూడుసార్లు చప్పుడు చేశాడు.

అప్పుడు అది పోయింది. మొదట నడక, తరువాత చిన్న పరుగు, ఆపైన దౌడు. ఉప్పుపొడి తెల్లని పొగలా లేచింది. పడమటి గుట్ట మీద శత్రువుల కొమ్ముబూర మోగింది. "తెల్లచెవి నల్లగుర్రం!" అని కేకలు. భేరుండుడి రౌతులు గుట్ట దిగి మైదానంలోకి దూకారు. ముందున్న మూడు గుర్రాలు ఇరవై బారలైనా పోకముందే రొమ్ముదాకా దిగబడి సకిలించాయి. మిగిలినవాళ్ళు బాణాలు వేశారు. అవి తొలకరి వెనక ఎక్కడో ఉప్పులో గుచ్చుకున్నాయి.

మణికేతుడు పొట్ట మీద పాకుతూ గట్టుకు చేరి, ఒక ఉప్పుకుప్ప చాటున కూర్చున్నాడు. సూర్యుడు మైదానం అంచుకు దిగాడు. తెల్లని నేలంతా కుంకుమ రంగు పరుచుకుంది. ఆ ఎరుపు మధ్య పరుగెత్తే నల్లని చుక్క స్పష్టంగా కనబడుతోంది. కొంతదూరం పోయి, తల వెనక్కి తిప్పి చూస్తుంది. మళ్ళీ పరుగు. మళ్ళీ చూస్తుంది. అతడు ఎన్నిసార్లో లెక్కపెట్టాడు. ఏడు.

సగం బింబం మునిగింది. ఎనిమిది. ఎర్రని అంచు గోరంత మిగిలింది. తొమ్మిది.

అంచు కూడా మునిగింది.

మణికేతుడు చూస్తూనే ఉన్నాడు. నల్లని చుక్క తిన్నగా, తలతిప్పకుండా, ఒకే ఊపున పోయి మసకలో కలిసింది. ఈలవేస్తే అరక్రోసు దూరం నుంచైనా వచ్చేది ఆ గుర్రం. ఇప్పుడు వేస్తే ఎవరో ఈలవేశారనుకుంటుంది. నలభై సాయంకాలాలు దాని మెడ మీద ఉన్న చెయ్యి ఒళ్ళో పడి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అతడికి తోచలేదు.

"లేవరా!"

వీపుకు ఈటె మొన గుచ్చుకుంది. శత్రుభటుడొకడు వెనక నిలబడి ఉన్నాడు. వాడి వెనక పాతికమంది మనుషులు ఉప్పుబుట్టలు మోసుకుంటూ బారుగా వస్తున్నారు. శిబిరానికి ఉప్పు మోసే పట్టుబడిన జనం.

"ఇటు నల్లగుర్రం పోయింది. చూశావా?"

"చూశాను. అదిగో, ఉప్పులో పడి పోయింది."

"దాని మీదివాడు?"

"దాని మీదే," అన్నాడు మణికేతుడు.

"అయితే పీడ వదిలింది. ఎవడివి నువ్వు? సరే, ఎవడివైతే నాకేం. బుట్టెత్తు!"

అతణ్ణి బారులో చివర నిలబెట్టి బుట్ట నెత్తిన పెట్టారు. గుట్ట తిరిగి, శత్రుశిబిరం ముందుకు తోలుకుపోయారు. సంజ వెలుగు ఇంకా పూర్తిగా పోలేదు. అగ్నికందకం ఇరవై మూరల వెడల్పున బుసకొడుతోంది. నీలం, ఆకుపచ్చ మంటలు ఒకదాన్నొకటి మింగుతూ ఆడుతున్నాయి. దాని వేడికి గాలే వణుకుతోంది. కాపలావాడు గొలుసు తిప్పాడు. ఇనుపవంతెన కిర్రుమంటూ దిగింది. ఉప్పు మోసేవాళ్ళు దాని మీదుగా ఒక్కొక్కరే నడిచారు. మణికేతుడి అరికాళ్ళు కాలాయి. తొలకరి లేకుండా ఈ కందకం దాటగలనని ఈ నలభై రోజుల్లో ఒక్కనాడూ అతడికి తోచలేదు.

వంతెన కొసన పులితోలు పీఠం మీద ఉలూకాక్షుడు కూర్చుని ఉన్నాడు. లోపలికి వచ్చే ప్రతివాణ్ణీ తానే చూడందే వదలడు. రెప్ప వెయ్యని గుండ్రని పసుపు కళ్ళు, ఎముకలకు చర్మం అంటించినట్టున్న చేతులు. మెడలో నల్లని తాడుకు మసిస్ఫటికం. అందులో పొగ సుళ్ళు తిరుగుతోంది.

ముందువాణ్ణి ఆపాడు. దవడ పట్టుకుని ముఖం అటూ ఇటూ తిప్పి చూసి, వదిలాడు. మణికేతుడి వంతు వచ్చింది.

పసుపు కళ్ళు అతడి ముఖం మీద ఆగాయి. మణికేతుడు రెప్ప వాల్చలేదు. స్ఫటికం చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. దాని చుట్టూ ఎనిమిది కత్తులు ఉన్నాయి. ఉలూకాక్షుడి చూపు కాసేపు అక్కడే నిలిచి, దారిలో రాయిని దాటినట్టు దాటి, బుట్టలోని ఉప్పు మీదికి పోయింది.

"ఇది తెల్లగా ఉంది. హోమానికి పనికొస్తుంది," అని మాంత్రికుడు చిటికె వేశాడు. "వీణ్ణి నా గుడారంలోకి పంపండి."

వెనక ఇనుపవంతెన పైకి లేచింది. మణికేతుడు నెత్తిన బుట్ట సర్దుకుని, కావలివాళ్ళు తెర ఎత్తి పట్టుకోగా, ఉలూకాక్షుడి గుడారంలోకి అడుగుపెట్టాడు.